సాదుకున్న బిడ్డ ఎవరి బిడ్డ?



మా ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల పల్లెల్లో "దత్తత" అనే మాట ఎవరి నోటా అంతగా వినపడదు. "సాదుకున్నరు" అంటారు. "ఆ పిల్లను మేనత్త సాదుకున్నది", "ఆ పిలగాణ్ణి పెద్దమ్మ సాదుకున్నది", ఇంతే. సాదుకోవడమంటే పొద్దున్నే లేపి మొహం కడగడం, జ్వరమొస్తే రాత్రంతా పక్కన కూర్చోవడం, బడికి పంపడం, ఈడు రాగానే పెళ్ళి చేయడం. దత్తత అనేది రిజిస్ట్రారు ఆఫీసు మాట, కోర్టు మాట. ఈ రెండు మాటల మధ్య ఉన్న దూరం గురించే ఈనాటి నా ప్రసంగం.

సాదే చేతులకు మన దేశంలో ఎన్నడూ కరువు లేదు. ఆ చేతుల్లో ఎవరివి తల్లిదండ్రుల చేతులుగా ఒప్పుకోవాలి అన్న దగ్గరే చట్టం తర్జనభర్జన పడుతూ వచ్చింది. ఒక కాలంలో ఆడవాళ్ళను ఒప్పుకోలేదు. ఇంకొక కాలంలో హిజ్రాలను ఒప్పుకోకపోగా జైల్లో పెడతామన్నది. ఇవాళ ఆ గుమ్మం ముందు నిలబడి అడుగుతున్నవారు, ఒకరినొకరు ప్రేమించి కలిసి కాపురం ఉంటున్న ఇద్దరు ఆడవాళ్ళు, లేదా ఇద్దరు మగవాళ్ళు. ఈ మాట వినగానే పక్క గదిలో పిల్లలున్నారని రేడియో గొంతు తగ్గించేవాళ్ళుంటారు. తగ్గించినా సరే, కట్టేయకండి. ఈ కథలో సగం మన ఇల్లాళ్ళ కథే.

మొదట పాతకాలం సంగతి. కోర్టులు అనుసరించిన పాత హిందూ న్యాయం ప్రకారం దత్తత మగవాడి అవసరం. కొడుకు లేనివాడికి పిండం పెట్టేవాడు కావాలి, ఇంటిపేరు నిలవాలి. అందుకని మగపిల్లవాణ్ణే దత్తు తీసుకోవాలి. ఆడపిల్ల దత్తత చెల్లదు. భర్త నిశ్చయించుకుంటే చాలు, భార్య ఒప్పుకోవలసిన పని కూడా లేదు. పెళ్ళి కాని స్త్రీకి ఆ హక్కే లేదు. ఇక వితంతువు మాటకొస్తే ప్రాంతానికో తీరు. మిథిలలో అసలు కుదరదు. బెంగాలులో భర్త బ్రతికుండగానే అనుమతి ఇచ్చిపోయి ఉండాలి. బొంబాయి వైపు ఆ అనుమతి లేకున్నా చెల్లుతుంది. మన దక్షిణాదికి 1868లో రామనాథపురం జమీందారీ దావాలో లండనులోని ప్రివీ కౌన్సిల్ ఒక మధ్యే మార్గం చెప్పింది. భర్త అనుమతి ఇవ్వకుండా పోతే, ఆయన సపిండులు ఒప్పుకుంటే ఆమె దత్తు తీసుకోవచ్చునన్నది. గమనించారా? నీకు బిడ్డ కావాలా అమ్మా అని ఆమెను అడిగినవాళ్ళు లేరు. బావగార్లు, మరుదులు ఏమంటారు అని అడిగారు. అట్లా వచ్చిన బిడ్డ సైతం చట్టం దృష్టిలో చనిపోయిన భర్తకే కొడుకు. ఒళ్ళో కూర్చోబెట్టుకుని అన్నం పెట్టిన తల్లి ఆ లెక్కలో ఒక మధ్యవర్తి మాత్రమే.

దత్తతను ఒప్పుకోకపోతే ఏమవుతుందో ఝాన్సీ కథలో మనందరికీ తెలిసిందే. గంగాధరరావు 1853 నవంబరులో, చనిపోవడానికి ముందునాడు దత్తు చేసుకున్న దామోదరరావును డల్హౌసీ వారసుడని ఒప్పుకోలేదు. 1854లో రాజ్యాన్నే కలుపుకున్నాడు. రాణికి రాజ్యం పోయింది గనుక చరిత్ర పుస్తకాల్లోకెక్కింది. ఇల్లు పోయినవాళ్ళు, రెండెకరాల చెలక పోయినవాళ్ళు ఏ పుస్తకంలోకీ ఎక్కలేదు.

అయితే చట్టం ఎప్పుడూ కొయ్యలాగా నిలబడి ఉన్నదని చెప్పడం కూడా న్యాయం కాదు. వంగవలసి వచ్చినప్పుడు వంగింది. మన తెలుగు దేశంలో రెడ్లు, కమ్మవారిలో ఇల్లటం అనే ఆచారం ఉండేది. కొడుకు లేని మామ, అల్లుణ్ణి ఇంటికి తెచ్చుకుని సేద్యం అప్పజెప్పి, కొడుకు వాటా రాసిచ్చేవాడు. ఇది ఏ ధర్మశాస్త్రంలోనూ లేదు. హోమమూ లేదు, మంత్రమూ లేదు. అయినా మద్రాసు హైకోర్టు పందొమ్మిదో శతాబ్దంలోనే, ఇది ఈ కులాల వాడుక గనుక చెల్లుతుంది పొమ్మన్నది. పైగా ఇల్లటపుటల్లుడికి కన్నవారింటి హక్కు కూడా పోదని చెప్పారు. భూమి ఉన్న మగవాళ్ళు కావాలనుకున్నారు, కోర్టు సరేనన్నది. అంతే.

ఇంకొక ఇల్లు ఉండేది, మనం పెద్దగా మాట్లాడుకోని ఇల్లు. కళావంతుల ఇల్లు. అక్కడ ఇంటి పెద్ద ఆడది, సంపాదన ఆడవాళ్ళది, ఆస్తి తల్లి నుంచి కూతురికి. కూతురు లేకపోతే ఒక ఆడపిల్లను పెంచుకుని వారసురాల్ని చేసేవారు. ఆడపిల్ల దత్తత చెల్లదన్న రోజుల్లో ఇది ఎట్లా చెల్లింది? బొంబాయి హైకోర్టు 1880లో మథురా నాయకిన్ అనే ఆమె దావాలో చెల్లదని కొట్టేసింది. మద్రాసు హైకోర్టు మాత్రం 1888లో, వృత్తిలోకి దించే ఉద్దేశంతో కాకపోతే అటువంటి దత్తత చెల్లుతుందన్నది. ఒకే దేశం, ఒకే ప్రభుత్వం, రెండు సమాధానాలు. ఆ ఇళ్ళలో ఆడపిల్లలకు ఎంత అన్యాయం జరిగిందో నేను దాచిపెట్టి మాట్లాడటం లేదు. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ నిషేధ చట్టం వచ్చింది, రావలసిందే. నేను చెప్పేదల్లా, మగవాడు యజమానిగా లేని ఇంట్లో కూడా తల్లీబిడ్డల వరుస ఉంటుందని కోర్టు నూటముప్పై యేళ్ళ కిందటే ఒకసారి ఒప్పుకున్నదని.

ఇప్పుడు మన నిజాం రాజ్యానికి వద్దాం. ఇక్కడి సంగతి మరీ కఠినం.

1871లో ఇంగ్లీషు ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టమని ఒకటి చేసింది. లంబాడాలు, ఎరుకలవారు మొదలైన ఎన్నో జాతుల మీద తరువాతి కాలంలో పుట్టుకతోనే నేరస్థులన్న ముద్ర వేసినది ఈ చట్టమే. అందులో రెండో భాగం హిజ్రాల మీద. మొదట ఉత్తరాది రాష్ట్రాల్లో అమలు చేశారు. వారి పేర్లూ ఇళ్ళూ పోలీసు రిజిస్టరులో రాసుకోవాలి. ఆ రిజిస్టరుకెక్కినవాళ్ళు మైనరు పిల్లలకు సంరక్షకులుగా ఉండరాదు. దానపత్రం రాయరాదు. వీలునామా రాయరాదు. కొడుకును దత్తత తీసుకోరాదు. ఈ నాలుగూ ఒకే సెక్షనులో వరుసగా ఉన్నాయి. ఒక మనిషికి తన వెనుక ఎవరూ మిగలకుండా చేయాలంటే ఇంతకంటే పకడ్బందీగా రాయలేరు.

1911లో చట్టాన్ని తిరగరాసినప్పుడు ఇంగ్లీషువారు ఆ భాగాన్ని తీసేశారు. వాళ్ళు తీసేసిన ఎనిమిదేళ్ళకు మన నిజాం ప్రభుత్వం అటువంటిదే ఒకటి చేసింది! 1329 ఫసలీ నాటి నపుంసకుల చట్టం, అంటే 1919 ప్రాంతం. ఆడవారి దుస్తులతో వీధిలో కనపడ్డా, ఎవరింట్లోనైనా డబ్బు తీసుకుని పాడినా ఆడినా వారెంటు లేకుండా పట్టుకోవచ్చు. పదహారేళ్ళలోపు మగపిల్లవాణ్ణి ఇంట్లో ఉంచుకున్నా, తన పోషణలో పెట్టుకున్నా రెండేళ్ళ దాకా జైలు. పిల్లవాణ్ణి ఎత్తుకొచ్చారా, దిక్కులేక వచ్చి చేరాడా, ఆకలికి అన్నం పెట్టారా అన్న విచారణే లేదు. ఎత్తుకుపోయేవారిని శిక్షించడానికి వేరే చట్టాలు లేకనా? ఇక్కడ నేరమల్లా సాదడమే.

హిజ్రాల్లో గురువు, చేలా అని ఒక వరుస ఉన్నది. ఇల్లు వదిలి వచ్చిన చిన్నవాళ్ళకు గురువే తల్లి. ముసలితనంలో గురువుకు చేలాలే పిల్లలు. ఆస్తి కూడా గురువు నుంచి చేలాకు పోతుంది. ఈ ఆచారాన్ని 1990లో మధ్యప్రదేశ్ హైకోర్టు ఒక దావాలో పరిశీలించి ఒప్పుకున్నది. మనవాళ్ళు కాగితం లేకుండా సాదుకోవడం లాంటిదే ఇదీ. నిజాం నాటి చట్టం మాత్రం నిజాం పోయినా, ఆంధ్రప్రదేశ్ వచ్చినా, తెలంగాణ వచ్చినా పుస్తకాల్లోనే ఉండిపోయింది. 2018లో వైజయంతి వసంత మొగ్లి మొదలైనవారు హైకోర్టుకు వెళ్ళారు. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు అది రాజ్యాంగానికి విరుద్ధమని కొట్టివేసింది. నూరేళ్ళు దాటింది!

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. హిజ్రాలు వేరు, గే లేక లెస్బియన్ అని పిలవబడేవారు వేరు. పుట్టినప్పుడు మగపిల్లవాడని రాసినా తాను ఆ మగవాణ్ణి కానని తెలుసుకున్నవారు మొదటివారు. రెండోవారిలో ఆడది ఆడదే, మగవాడు మగవాడే. వారి ప్రేమ తమవంటి వారి మీద. మన ఇళ్ళలో రెండూ కలిపి ఒకే ఎగతాళి మాటగా వాడతాం. చట్టం కూడా ఇద్దరినీ ఒకే గాటన కట్టింది. 1860 నాటి శిక్షాస్మృతిలో 377వ సెక్షన్ అందుకే. దాన్ని ఢిల్లీ హైకోర్టు 2009లో సడలించింది, సుప్రీంకోర్టు 2013లో మళ్ళీ నిలబెట్టింది, 2018 సెప్టెంబరు 6న అదే సుప్రీంకోర్టు, ఇష్టపడిన పెద్దవాళ్ళ విషయంలో అది చెల్లదని తీర్పు చెప్పింది. అంటే కలిసి బతకడం అప్పటి నుంచి నేరం కాదు. కాని కలిసి బిడ్డను పెంచడం?

దీనికి జవాబు చెప్పేముందు మన సంగతి చూసుకుందాం. అంబేద్కరుగారు హిందూ కోడ్ బిల్లు కోసం పోరాడి 1951లో మంత్రి పదవికి రాజీనామా ఇచ్చిన సంగతి విన్నారు కదా. ఆ బిల్లే తరువాత నాలుగు ముక్కలై నాలుగు చట్టాలయింది. అందులో చివరిది 1956 నాటి దత్తత, మనోవర్తి చట్టం. ఎంతో మంచి చట్టం. ఆడపిల్లను దత్తు తీసుకోవచ్చునన్నది. పెళ్ళి కాని స్త్రీ, వితంతువు, విడాకులు పొందిన స్త్రీ తమంతట తాము, తమ కోసమే దత్తత తీసుకోవచ్చునన్నది. భర్త తీసుకోవాలంటే భార్య ఒప్పుకోవాలన్నది.

మరి పెళ్ళయి భర్తతో కాపురం చేస్తున్న ఇల్లాలు? ఆమెకు లేదు! అవునండీ, మంగళసూత్రం మెడలో ఉన్నంతకాలం ఆమె దత్తత తీసుకోలేదు. దత్తత భర్త తీసుకుంటాడు, ఈమె సమ్మతి ఇస్తుంది. తన కడుపున పుట్టిన బిడ్డను దత్తు ఇవ్వాలన్నా ఇచ్చేవాడు తండ్రే, ఆమెది సమ్మతి మాత్రమే. ఈ మాట మార్చింది ఎప్పుడనుకుంటున్నారు? 2010లో. ఆ యేడు చేసిన సవరణతో భార్య కూడా భర్త సమ్మతితో తన పేరున దత్తత తీసుకునే హక్కు పొందింది. యాభైనాలుగేళ్ళు మనం ఆ గుమ్మం బయట నిలబడి ఉన్నాం, మనకే తెలియకుండా. ఇంట్లో పిల్లలను సాదింది ఎవరు, చట్టం పేరు రాసుకున్నది ఎవరిది? అందుకే అన్నాను, ఇందులో సగం మన కథ అని.

హిందువులు కానివారికి ఇంకా కష్టం. ముస్లిములకు, క్రైస్తవులకు, పారసీలకు 1890 నాటి చట్టం కింద సంరక్షకత్వమే దిక్కు. బిడ్డకు పద్దెనిమిదేళ్ళు రాగానే ఆ సంబంధం చట్టం దృష్టిలో తెగిపోతుంది. అందరికీ ఒకే దత్తత చట్టం చేద్దామని 1972లో, 1980లో బిల్లులు పెట్టారు గాని ముందుకు సాగలేదు. 2000లో వచ్చిన బాలల న్యాయ చట్టంతో ఆ దారి తెరుచుకున్నది. ఒక ఆడపిల్లను పెంచుకుని సంరక్షకురాలుగానే మిగిలిపోయిన శబ్నం హష్మీ అనే ఆమె వేసిన దావాలో, ఏ మతంవారైనా ఇష్టముంటే ఈ చట్టం కింద దత్తత తీసుకోవచ్చునని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇంతకీ దత్తతకు ఇన్ని నిబంధనలు ఎందుకు, సాదుకుంటామన్నవారికి ఇచ్చేస్తే పోలేదా అంటారేమో. అది మాత్రం మన జిల్లావాళ్ళం అనకూడదు. 1999లో, మళ్ళీ 2001లో హైదరాబాదులో కొన్ని శిశు గృహాల మీద పోలీసులు పడినప్పుడు బయటపడిన సంగతి గుర్తుచేసుకోండి. నల్లగొండ, రంగారెడ్డి, మహబూబ్‌నగర్ జిల్లాల లంబాడా తండాల్లో, మళ్ళీ ఆడపిల్ల పుట్టిందని కుమిలిపోతున్న తల్లుల దగ్గర దళారులు కొద్దిపాటి డబ్బు చేతిలో పెట్టి పసికందులను తీసుకుపోయారు. ఆ పిల్లలను విదేశీ దత్తతలకు పంపడానికి కాగితాలు సృష్టించారు. మా ఇబ్రహీంపట్నం తాలూకాలో కూలీలను, వెట్టివారిని కూడగట్టి భూమి కోసం పనిచేసిన గీతా రామస్వామి వంటివారు ఈ వ్యాపారాన్ని ఎండగట్టారు. 2001లో ప్రభుత్వం, తల్లిదండ్రులు బిడ్డను వదులుకుంటున్నామని రాసిచ్చే పద్ధతినే ఆపివేసింది. కాబట్టి బిడ్డ ఎక్కడి నుంచి వచ్చింది, ఏ ఇంటికి పోతున్నది అని నిక్కచ్చిగా చూడవలసిందే. ఢిల్లీలోని కేంద్ర దత్తత సంస్థ దగ్గర పేరు నమోదు చేసుకుని, అధికారులు ఇల్లు వచ్చి చూసి, ఆరోగ్యం, ఆదాయం విచారించి, వరుస వచ్చేదాకా వేచి ఉండవలసిందే. నేను అందుకు పూర్తిగా ఒప్పుకుంటాను. ఒక ఇంటిని చూసి, ఇక్కడ బిడ్డ సుఖపడదు అని నిర్ణయించడం ఒకటి. ఇల్లు చూడకుండానే, మీ జాతే వద్దు పొమ్మనడం ఇంకొకటి. నిజాం చట్టం చేసింది ఆ రెండోది.

ఈ ప్రశ్నే 2023లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. విచిత్రంగా ఆ దావా మన హైదరాబాదు నుంచే బయలుదేరింది. సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ అని దాదాపు పదేళ్ళు కలిసి ఉన్న ఇద్దరు యువకులు 2021 డిసెంబరులో హైదరాబాదు దగ్గర బంధుమిత్రుల మధ్య ఉంగరాలు మార్చుకున్నారు. అది చట్టం ముందు పెళ్ళి కాదు గనుక, తమ పెళ్ళిని గుర్తించాలని 2022 నవంబరులో కోర్టుకెక్కారు. దేశం నలుమూలల నుంచి మరికొందరు వారితో చేరారు. వాటితోపాటే దత్తత నిబంధన మీద కూడా వాదన జరిగింది. ఆ నిబంధన ఏమంటుందంటే, ఒక జంటకు బిడ్డను ఇవ్వాలంటే వారికి కనీసం రెండేళ్ళ స్థిరమైన వైవాహిక జీవితం ఉండాలి. వీరికి పెళ్ళి అన్నదే చట్టంలో లేదు, ఇక వైవాహిక జీవితం ఎక్కడ నుంచి తెస్తారు?

పిల్లల హక్కుల కోసమే ఉన్న రెండు కమిషన్లు ఆ కోర్టులో ఎదురెదురుగా నిలబడ్డాయి. జాతీయ కమిషన్ వద్దన్నది, ఢిల్లీ రాష్ట్రపు కమిషన్ ఇవ్వవచ్చునన్నది. 2023 అక్టోబరు 17న అయిదుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పారు. పెళ్ళి చేసుకోవడం రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదన్న మాట మీద అందరూ ఏకమయ్యారు. దత్తత దగ్గర మాత్రం ఇద్దరొకవైపు, ముగ్గురొకవైపు. ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్‌గారు, సంజయ్ కిషన్ కౌల్‌గారు ఆ నిబంధన సమానత్వానికి విరుద్ధమన్నారు. పెళ్ళయిన ఆడా మగా జంట మాత్రమే బిడ్డకు స్థిరత్వం ఇవ్వగలరని చూపే ఆధారమేదీ ప్రభుత్వం తేలేదని చంద్రచూడ్‌గారి మాట. రవీంద్ర భట్‌గారు, మన తెలంగాణ హైకోర్టుకు తొలి మహిళా ప్రధాన న్యాయమూర్తిగా చేసిన హిమా కోహ్లిగారు, మన తెలుగువారే అయిన పి.ఎస్. నరసింహగారు కొట్టివేయరాదన్నారు. ముగ్గురిది పైచేయి కాబట్టి నిబంధన నిలిచింది. పునర్విచారణ కోరిన దరఖాస్తులను కూడా 2025 జనవరి 9న తోసిపుచ్చారు.

అయితే, వద్దన్న భట్‌గారే తన తీర్పులో ఒక మాట రాశారు, నాకు అన్నిటికంటే అదే ముఖ్యంగా తోచింది. ఒంటరి మనిషి దత్తత తీసుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది. ఆ మనిషి తరువాత ఇంకొకరితో కలిసి ఉండవచ్చు. అటువంటి ఇంట్లో పెరిగే బిడ్డకు అనుకోనిదేదైనా జరిగితే దక్కవలసినవి దక్కకుండా పోయే ప్రమాదం ఉన్నది, ప్రభుత్వం దీన్ని ఆలోచించాలి అని ఆయన మాట సారాంశం.

దీన్ని మన ఇంటి భాషలో చెప్పుకుందాం. ఇద్దరు ఆడవాళ్ళు కలిసి ఉంటున్నారు. ఒకామె ఒంటరి స్త్రీగా ఒక పాపను దత్తత తీసుకున్నది. ఇద్దరూ పెంచారు. ఒకామె బ్యాంకుకు పోతే ఇంకొకామె జడ వేసి బడికి పంపింది. పాపకు పదేళ్ళప్పుడు దత్తత తీసుకున్నామె పోయింది. ఆ పిల్ల "అమ్మా" అని పిలిచే రెండో ఆమె ఆ రోజు నుంచి చట్టం కళ్ళకు ఎవరు? ఎవరూ కాదు. పోయినామె అన్నదమ్ములు వచ్చి పాపను తీసుకుపోతామంటే కోర్టుకెక్కి పోరాడాలి. పోనీ రెండో ఆమే ముందు పోయింది. ఆమె పేరున ఉన్న ఇల్లు పాపకు రాదు. వీలునామా లేకపోతే హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆమె తల్లిదండ్రులకు, వారు లేకపోతే తండ్రి తరఫు వారసులకు పోతుంది. తప్పు చేసింది ఎవరో గాని, నష్టపోయేది పదేళ్ళ పిల్ల. దీనికి తోడు 2022 జూన్‌లో కేంద్ర దత్తత సంస్థ, పెళ్ళి లేకుండా తోడుతో కలిసి ఉంటున్నవారిని ఒంటరివారుగా కూడా లెక్కించబోమని ఆదేశం ఇచ్చింది. అంటే ఉన్న తోడును దాచిపెట్టాలన్నమాట. ఇల్లు చూడటానికి వచ్చిన అధికారి ముందు నిజం దాచమని చెప్పే నిబంధన బిడ్డకు ఏం మేలు చేస్తుందో నాకు బోధపడలేదు. ఒంటరి మగవాడికైతే ఆడపిల్లను ఇవ్వరు. ఆ జాగ్రత్త నాకు అర్థమవుతుంది.

"తల్లీ తండ్రీ ఇద్దరూ ఉంటేనే కదా ఇల్లు" అంటారు. నిజమే, ఉంటే మంచిదే. కాని మన పక్కింట్లో భర్త పోయిన ఆమె పిల్లలను అమ్మమ్మ సాయంతో పెంచి ఇంజనీర్లను చేసినప్పుడు మనం మెచ్చుకోలేదా? అది కూడా ఇద్దరు ఆడవాళ్ళు నడిపిన ఇల్లే. "బడిలో పిల్లలు ఏడిపిస్తారు" అంటారు. ఈ భయం ఉత్తిది కాదు. మన దేశపు మానసిక వైద్యుల సంఘం 2023 ఏప్రిల్‌లో, ఇటువంటివారు పెళ్ళికి, దత్తతకు పనికిరారనడానికి ఆధారమేమీ లేదని ప్రకటిస్తూనే, వారి పిల్లలకు చిన్నచూపు ఎదురుకావచ్చునని కూడా చెప్పింది. ఇంట్లో, బడిలో, సమాజంలో పెద్దవాళ్ళు ముందుగా తెలుసుకుని మెలగాలని చెప్పింది. ఏడిపించే పిల్లలు ఎవరింట్లో మాటలు నేర్చుకుంటారో మనకు తెలియనిది కాదు.

బయటి దేశాల్లో ఈ సంగతి ఎట్లా నడిచిందో ఒక్కటి చెబుతాను. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో ఏప్రిల్ డిబోర్, జేన్ రౌజ్ అని ఇద్దరు నర్సులు. కన్నవారు వదిలేసిన పసిపిల్లలను, అందులో నెలలు నిండకుండా పుట్టినవారిని, చేరదీసి పెంచారు. ఇద్దరూ తల్లులుగా ఉన్నా కాగితం మీద ఒక్కో బిడ్డకు ఒక్కరే తల్లి. ఒకసారి కారు ప్రమాదం త్రుటిలో తప్పిందట. మనలో ఒకరికి ఏమన్నా అయితే రెండోవారి పిల్లలు ఏమవుతారన్న భయం పట్టుకుంది. 2012లో కోర్టుకు వెళ్ళారు; వారడిగింది పెళ్ళి కాదు, పిల్లలందరికీ ఇద్దరమూ తల్లులం కావాలని. జడ్జిగారు, అసలు అడ్డం పెళ్ళి చట్టంలో ఉన్నది, దాన్ని అడగండి అన్నాడు. ఆ దావా ఇంకొన్నిటితో కలిసి 2015 జూన్ 26న అమెరికా దేశమంతటా ఇటువంటి పెళ్ళిళ్ళను చట్టబద్ధం చేసిన తీర్పు దాకా పోయింది. నెదర్లాండ్సులో 2001లోనే పెళ్ళీ, దత్తతా రెండూ ఇచ్చారు. ఆసియాలో తైవాన్ 2019లో పెళ్ళి ఇచ్చి, దత్తత పూర్తిగా ఇవ్వడానికి 2023 దాకా ఆగింది. థాయిలాండులో 2025 జనవరి నుంచి రెండూ అమలయ్యాయి.

మన దేశంలోనూ చిన్న చిన్న తలుపులు తెరుచుకుంటున్నాయి. 2024 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో కేంద్ర ప్రభుత్వం, ఇటువంటి జంటలను రేషన్ కార్డు విషయంలో ఒకే ఇంటివారుగా చూడాలని రాష్ట్రాలకు రాసింది. బ్యాంకులో ఉమ్మడి ఖాతా తెరవడానికి, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికి అడ్డు లేదని చెప్పింది. 2025 మేలో మద్రాసు హైకోర్టు, పెళ్ళి ఒక్కటే కుటుంబానికి దారి కాదు, ఎంచుకున్న కుటుంబం కూడా కుటుంబమేనని ఒక తీర్పులో అన్నది. అంటే ఒకే కార్డు మీద బియ్యం తెచ్చుకోవచ్చు, ఆ బియ్యం వండిపెట్టిన బిడ్డకు మాత్రం ఇద్దరూ తల్లులు కారు. ఇవాళ్టికి సంగతి ఇక్కడ ఉన్నది.

అటువంటి ఇంట్లో ఉన్నవారు ఎవరైనా వింటుంటే ఒక్క మాట. దత్తత తీసుకున్న తల్లి తన తరువాత బిడ్డకు సంరక్షకులు ఎవరో వీలునామాలో రాయవచ్చు. రెండో ఆమె తన ఆస్తిని వీలునామాతో బిడ్డ పేర పెట్టవచ్చు. వీలునామాకు ఇద్దరు సాక్షుల సంతకాలు తప్పనిసరి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గాని చేయిస్తే తరువాత తగువులు తగ్గుతాయి. తల్లి అనే వరుస దీనివల్ల రాదు, పిల్లకు నీడ మాత్రం ఉంటుంది.

ఇక మన సంగతి. అక్క బిడ్డనో, ఆడపడుచు బిడ్డనో "సాదుకున్నం" అని కాగితం లేకుండా పెంచుతున్నవాళ్ళు మా పట్నంలోనూ చాలామంది ఉన్నారు. ఆ బిడ్డకు మీ ఆస్తిలో చట్టరీత్యా ఏమీ లేదు. హిందూ దత్తత చట్టం ప్రకారమైతే పెళ్ళి కాని, పదిహేనేళ్ళు నిండని బిడ్డనే తీసుకోవాలి. వేరే ఆచారం ఉంటే తప్ప ఆ వయసు దాటితే చెల్లదు. బిడ్డ ఆడపిల్లయి తీసుకునేవాడు మగవాడైతే, లేదా మగపిల్లవాడై తీసుకునేది స్త్రీ అయితే, ఇద్దరి మధ్య ఇరవైయొక్క యేళ్ళ తేడా ఉండాలి. డబ్బు ఇచ్చిపుచ్చుకోవడం నేరం. దస్తావేజు రిజిస్టరు చేయిస్తే, తప్పని రుజువయ్యేదాకా కోర్టు ఆ దత్తతను నిజమనే నమ్ముతుంది. దాని మీద ఇచ్చేవాళ్ళ సంతకం, తీసుకునేవాళ్ళ సంతకం, రెండూ ఉండాలి.